ఏ గడిల రాయాలె

బోర్డు మీద రాజేశం సారు గడులు గీసిండు:
పెద్ద కండరాలు, చిన్న కండరాలు,
ఆగి ఆగి చేసేటియి, ఆగకుంట సాగేటియి,
మన చేతిల వేగం, మంది చేతిల వేగం.

గుండు విసురుడు ఇటు.
కబడ్డీల కూతకు పోవుడు అటు,
గీత దాటినంక కాలెటు పడాల్నో
అవతలి ఏడుగురు చెప్తరు.

మెట్‌పల్లిల మా ఇంట్ల
చాటల తునికాకు, తంబాకు.
అమ్మ వేళ్లు కత్తిరిస్తయ్, చుడ్తయ్,
మూతి మడిచి దారం బిగిస్తయ్
టీవీ చూస్కుంటనే.
తొందరవెట్టెటోళ్లు ఎవ్వరూ కానరారు.
"మన చేతిల వేగం" అని రాసిన.

పొద్దుగూకంగ కార్ఖానాల
కట్టలిప్పి, నలభై అవతల పారేసి
"వెయ్యి కాలేదు భూదవ్వా" అన్నడు టేకేదారు.

రాత్రి రబ్బరు తీస్కొని ఆ గడి తుడిచిన.
గట్టిగ రుద్దినట్టున్న,
కాయితం చినిగింది.