కదలకండి

ఇరవై మూడేళ్ళు నేనన్న మాట ఒక్కటే.
ఆమదాలవలస గేటు పక్క, మేడమెట్ల కింద,
నీలం తెర ముందు ఇనప స్టూలు మీద
ఊళ్ళో సగం మందిని కూర్చోబెట్టి అన్నాను:
గెడ్డం దించండి. కన్ను ఆర్పకండి. కదలకండి.

కదలనివాళ్ళ డబ్బుతోనే మా ఇల్లు కదిలింది.
రేషను కార్డులు, హాల్‌టికెట్లు,
పెదకర్మ నాటికి దండ వెయ్యడానికి కావలసిన ముఖాలు.

ఇప్పుడు స్టూడియో ఎవరి జేబులో వాళ్ళకే ఉంది.
జెరాక్సు మిషను పెట్టుకోమన్నాడు బావమరిది.
నేను చొక్కాకి తగిలించే మైకు కొన్నాను.
పద్దెనిమిది వందలు.
పాత డైరీ వెనక పేర్లు రాసుకున్నాను:
బుడితిలో ఇత్తడి పోసే కంచరి సింహాద్రి,
గొల్లపల్లిలో పనసమానులోంచి వీణ తవ్వే ఆయన,
ఆయన పేరు కనుక్కోవాలి.
ఒక్కొక్కరి మీద నిమిషం, నిమిషంన్నర.
మా ఆవిడ మైకు అరచేతిలో వేసుకుని
"మినపగింజంత నేదు, ఇనబడతాదా?" అంది.

మొదటిది పొందూరు. దాలమ్మ.
వసారాలో గోనెపట్టా మీద కాళ్ళు చాపుకుని
వాలుగచేప దవడతో పత్తి దువ్వుతోంది.
చేప ఏ గోదారిలోనో ఎప్పుడో పోయింది.
పళ్ళు మాత్రం ఇంకా పనిలో ఉన్నాయి.

మైకు కోసం పంకా ఆపమన్నాను.
నవ్వింది. "దూది పనికాడ పంకా ఏటి బాబూ,
రెక్కలు కట్టీసి పదేళ్ళయినాది."
తలెత్తి చూశాను. రెక్కలకి చీరపేలిక,
పేలిక మీద సాలెగూడు.

ఫోకసు సరిచేశాను. ఎర్రచుక్క వెలిగింది.
నోరు తన అలవాటున తను అనేసింది:
కదలకండి.

ఆగిపోయింది దాలమ్మ.
దవడ గాల్లో, పత్తి పిడికిట్లో.
బాగా వస్తోందనుకుని నేనూ ఆగాను.
నలభై సెకన్లు.
అవి చెరపలేదు, నా దగ్గరే ఉన్నాయి.
చూస్తే ఫొటోలాగే ఉంటుంది, కానీ
పక్కింట్లో మగ్గం ఆడుతుంటుంది,
ఎవరో గిన్నె దొర్లించి తమని తామే తిట్టుకుంటారు,
చెవి దగ్గర పుట్టిన చెమటబొట్టు
మెడ దాకా ఎంతసేపు నడుస్తుందో తెలుస్తుంది.
ఇన్నేళ్ళూ నేను నొక్కిన ప్రతిసారీ
ఇదంతా ఎక్కడికి పోయేదో.

"అయిపోనాదా ఫొటో?"
"ఫొటో కాదమ్మా, వీడియో."
"మరి కదలొద్దన్నావు?"

జవాబు లేక గోడవైపు తిరిగాను.
గోడ మీదా నా పనే.
కింద మూల మా స్టూడియో ముద్ర, బంగారురంగు రాలిపోయి.
పైన ఓ మనిషి, జన్మలో కొనని నల్లకోటులో.
ఆ కోటు నాకు తెలుసు.
తలలు మార్చి ఎంతమందికి తొడిగానో.

"మా ఇంటాయన. నువ్వే కట్టిచ్చినావు.
కోటు బాగుంది గాని,
సేతులు కోసీసినావు బాబూ.
నూరో నెంబరు నూలు నేసిన సేతులవి."
కోపంగా అనలేదు.
తెగిన పోగు అతుక్కుంటూ
ఆ పోగుతో అన్నట్టు అంది.

మళ్ళీ ఎర్రచుక్క. ఈసారి నోరు మూసుకున్నాను.
ముఖం కోసం పైకి పోబోయిన కెమెరాని
మోకాళ్ళ దగ్గరే పట్టి ఆపాను.
అరటిడొప్పలోంచి ఏకు, ఏకులోంచి
ఉందో లేదో తెలియని దారం.
ఇరవైనాలుగు ఆకుల రాట్నం
తిరిగి తిరిగి ఒక్క ఆకూ లేనిదైంది.
మినపగింజ బాగానే వింది.
రాట్నం కూనిరాగం అడుగున
ఎవరిదో ఊపిరి, బరువుగా, మొదట్నుంచీ చివరిదాకా.
నాదే.

సాయంత్రం ఆవిడకి చూపించాను.
తన ముఖం ఉందా అని వెతకలేదు.
కళ్ళద్దాలు నుదుటికి తోసి
ఫోను ముక్కు దాకా తెచ్చుకుని
ఒకచోట వేలు పెట్టింది. బొమ్మ ఆగింది.

"ఇదిగో, ఇక్కడ దారం దళసరయిపోనాది.
నీకేసి సూసినాను గావాల.
ఇది నలుగురికీ సూపించకు.
లచ్చివారం రా,
మంచి పత్తి వస్తాది."