కిందికి మాత్రమే

ఎస్కలాంట్ ఊరి చివర పెట్రోలు బంకు దగ్గర
ఇంకా చీకటుండగానే చేరాం.
ఏడుగురం, రెండు బళ్ళు.
ఒకదాన్ని లోయ తెరుచుకునే చోట, కింద వదిలి
రెండోదాంట్లో ఒకరి మోకాళ్ళు ఒకరికి గుచ్చుకుంటూ
ఇసుక దారిన పైకెక్కాం.

ఆర్డిత్ ముప్పై ఒక్కేళ్ళు బడి బస్సు నడిపింది.
ఇప్పటికీ తలలు లెక్కపెట్టందే అడుగు వెయ్యదు.
"ఏడు" అంటుంది, తర్వాత ఆకాశం వంక చూస్తుంది,
వెనక సీట్లో అల్లరి పిల్లాణ్ణి చూసినట్టు.

మొదటి దిగుడు ఎనభై అడుగులు.
వెనక్కి ఒరిగి గాలిలో కూర్చోవాలి.
నడుము నమ్మదు, మోకాళ్ళు నమ్మవు,
కాలివేళ్ళు చివరిదాకా
రాయిని బతిమాలుతూనే ఉంటాయి.

అందరం దిగాక థేన్ తాడు లాగేశాడు.
సర్రున జారి మా కాళ్ళ దగ్గర కుప్పపడింది.
ఆ చప్పుడు తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
రోట్లో తల దూర్చాం, సరే.
ఈ రోకలి మాత్రం
అరవై మైళ్ళ అవతల
ఎవరి గడ్డిమీదో కురిసే వాన.

లోపల వెలుగు నేరుగా రాదు.
ఒక గోడకి తగిలి, ఇంకో గోడ మీదికి జారి
మూడో మలుపులో మా చేతులమీద పడేసరికి
మగ్గిన బొప్పాయి రంగు.
నాలుగడుగుల దారి రెండడుగులైంది,
రెండడుగులు జానెడున్నర.
తలెత్తితే, ఎక్కడో పైన,
గోడల నడుమ అడ్డంగా ఇరుక్కుని ఓ చెట్టు మాను.
"ఎవరు పెట్టారు దాన్నక్కడ?" అన్నాడు కోల్బీ,
జానలీ కొడుకు, పదిహేనేళ్ళవాడు.
"నీళ్ళు" అంది ఆర్డిత్.
వాడు మరో గంటసేపు జోకు వెయ్యలేదు.

మోకాలు, నడుము, గడ్డం.
ఎండ ఎరగని నీటిగుంటలు.
బయట బండలు పెనంలా కాలుతున్న వేళ
మా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి.
గోరంత కప్ప ఒకటి
మా ఏడుగురినీ ఓపిగ్గా దాటనిచ్చి
ఆపిన చోటునుంచే మళ్ళీ అరుపందుకుంది.

అసలు ఇరుకులో థేన్ ఆగిపోయాడు.
భారీ మనిషి, పశువుల డాక్టరు,
అడ్డం తిరిగిన దూడల్ని
భుజందాకా చెయ్యి పెట్టి బయటికి లాగినవాడు.
ఛాతీకి ఓ గోడ, వీపుకి ఓ గోడ,
పీల్చినకొద్దీ రాయి బిగుసుకుంటోంది.
అతని వెనక నేను.
అతను కదలకపోతే నాకూ దారి లేదు,
తాడు ముందే లాగేశాం.

"పీల్చకు. వదులు" అంది అవతలినుంచి జానలీ.
"ఇంకా వదులు. దూడకి ఏం చెప్తావో అదే చెప్పుకో."
"దూడకి నేనేమీ చెప్పను" అంటూ నవ్వబోయాడు,
ఆ సగం నవ్వుకే ఉన్న గాలంతా పోయి
జానెడు ముందుకి జారాడు.
చూసుకుంటే మేమంతా
ఊపిరి వదిలేసి, తిరిగి పీల్చడం మరిచి
నిలబడి ఉన్నాం.

చొక్కా గుండీ ఒకటి అక్కడే ఉండిపోయింది.

సాయంత్రం నాలుగింటికి గోడలు విడిపోయాయి.
ఎండ తిట్టినట్టు మీద పడింది.
కింది బండి కనిపించింది, పొద్దున ఎలా వదిలామో అలాగే,
పెళ్ళివారి కారంత అందంగా.
"ఏడు" అంది ఆర్డిత్.
థేన్ కుడి జేబు తడుముకున్నాడు.
ఎడమది.
మళ్ళీ కుడిది.
తాళంచెవి పై బండిలో,
పొద్దున చలికి వేసుకుని, ఎండెక్కగానే విప్పేసిన కోటులో.
దారి చుట్టూ తిరిగితే పదకొండు మైళ్ళు.

పొద్దున్నే అయితే తిట్టేవాళ్ళం.
బండి నీడలో వరసగా కూలబడ్డాం.
కోల్బీ సంచిలోంచి, సొట్టలు పడి,
ఇసుకంటిన నారింజ ఒకటి తీశాడు.
పది తొనలు, ఏడుగురం.
మిగిలిన మూడూ ఎవరివన్నది ఇంకా తేలకముందే
దారి చివర దుమ్ము లేచింది.
బండో, గాలో.
ఆర్డిత్ చేతిని కళ్ళకి అడ్డం పెట్టి
లేచి నిలబడింది.