ఆరు వారాలు

బల్లరాట్‌లో సెప్టెంబరు. మంగళవారం సాయంత్రం,
ఆముక్త నా దగ్గరికి వచ్చే రోజు.
వాళ్ళమ్మ ఇల్లు చెరువుకి అవతల.
ఇది రెండు గదుల యూనిట్.
కొత్త టూత్‌బ్రష్‌కి ఇంకా అట్టైనా విప్పలేదు.

వచ్చీ రాగానే
చపాతీతో సహా గాజు పళ్ళెం నేలకేసి కొట్టింది.
"అమ్మ గుండ్రంగా చేస్తుంది."
తప్పమ్మా, అనబోయాను.
ఏం కాలేదులే, అనబోయాను.
రెండూ నోటికి రాక
చీపురు తెచ్చి ఊడ్చాను.
తను చేట పట్టుకుంది, నా వైపు చూడకుండా.

పొద్దున్నే హెల్మెట్‌కి కేబుల్ టైలు కట్టాం,
ముళ్ళపందిలా.
బడి దారిలో మాగ్‌పై ఒకటి
వచ్చేపోయేవాళ్ళ నెత్తిన పొడుస్తోంది.
"దానికెందుకంత కోపం?"
"గూట్లో పిల్లలున్నాయి. ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని."
"మనం ఎత్తుకుపోం కదా!"
"ఆ సంగతి దానికి తెలీదు."

మాట్లాడకుండా కాసేపు తొక్కింది.
యూకలిప్టస్ కింద రెక్కల చప్పుడు,
హెల్మెట్ మీద టక్కున ఓ దెబ్బ.
కెవ్వుమంది.
ఒక పక్షికోసం ఏడవాల్సినదానికంటే
చాలా ఎక్కువ ఏడ్చింది.
సైకిళ్ళు గడ్డిలో పడేసి పక్కన కూర్చున్నాను.
ఊరుకో అనలేదు.
బడి గంట ఎప్పుడో కొట్టేసి ఉంటారు.

చివరికి ముక్కు నా చొక్కాకి తుడిచి,
"ఆరు వారాలేనట నాన్నా, మా మిస్ చెప్పింది.
తర్వాత పొడవదట."
లేచి, గడ్డి దులుపుకుని,
హెల్మెట్ పట్టీ తనే బిగించుకుంటూ
"నాకు ఆరు కన్నా ఎక్కువ పట్టొచ్చు" అంది.

పట్టనీ, అన్నాను.
వంగిన టై ఒకటి నిలబెట్టాను.