గొలుసు సంఖ్య

బాలరాట్‌లో జూలై రాత్రి.
బయట కారు అద్దం మీద అప్పుడే మంచు పొర కడుతోంది.
మందుల షాపు మూసి వచ్చి,
వేళ్లకి ఇంకా శానిటైజర్ వాసన ఉండగానే
వంటింటి బల్ల ముందు కూర్చున్నాను.

యెవ్‌హెన్ బాకీ తీరుస్తానన్నాడు.
నా పాత సోఫా కొన్నాడు కదా, ఆ బాకీ.
డాలర్లు కాదట, కాయిన్లట, పదకొండు.
"ఆ నెట్‌వర్క్‌లో అయితే ఖర్చు పైసల్లో పోతుంది,
నీ వాలెట్‌లో కలుపుకో, రెండు నిమిషాల పని" అన్నాడు.
రెండు నిమిషాల పని అన్న ప్రతిదీ
నా సాయంత్రం ఒకటి మింగి గాని కదల్లేదు.

పేరు కొట్టి వెతికాను.
అన్నిటికన్నా పైన ఒకటి కూర్చుంది,
ఆ చోటుకి డబ్బు కట్టానని
చీమ తలకాయంత అక్షరాల్లో ఒప్పుకుంటూ.
నీలం బొత్తాం: కలపమంటావా?
పసుపు గీతలో వాలెట్ ఏదో గొణిగింది.
చదవలేదు. నొక్కాను.
దాచడం దేనికి, నొక్కాను.

తెర మీద నలభై వేలు.

యెవ్‌హెన్ ఇంకా షిఫ్టులోనే ఉన్నాడు.
పంపనే లేదు.

అప్పుడు గుర్తొచ్చింది మిస్ ట్రెవిథిక్,
నాకు పని నేర్పిన మొదటి ఏడాది,
కార్బిమజోల్, కార్బమజెపైన్
రెండు డబ్బాలూ నా ముందు పెట్టి
"ఒకటి థైరాయిడ్‌కి, ఒకటి మూర్ఛకి.
లేబుల్ చదవకు అమ్మాయ్, లేబుల్‌తో గొడవపడు" అన్నది.

గొడవపడ్డాను.
పేరు అదే. బొమ్మ అదే. కాయిన్ గుర్తూ అదే.
పేరు ఎవడైనా పెట్టుకుంటాడు,
ఇంటిపేరు అడగాలి.
ఇక్కడ ఇంటిపేరు ఒక అంకె, గొలుసు సంఖ్య:
ఉండవలసింది 71117.
ఉన్నది 71171.
ఒక్క ఒకటి, ఒక్క ఏడు, కుర్చీలు మార్చుకున్నాయి.

దాని కింద ఒక చిరునామా.
నా ప్రశ్నలన్నీ ఆ కిటికీలోంచే పోతాయి,
జవాబులన్నీ ఆ కిటికీలోంచే వస్తాయి.
లోపల కూర్చున్నవాడు ఎంతంటే అంతే నా ఆస్తి.
అడక్కుండానే నలభై వేలిచ్చిన ఆ చెయ్యి
ఇప్పుడు మెల్లగా అడుగుతోంది:
డబ్బు విడుదలకి మీ పన్నెండు మాటలు ఇవ్వండి.

ఆ పన్నెండు మాటలు
కాగితం మీద ఉన్నాయి, కాగితం ఎక్కడుందో
ఈ కవితకి కూడా చెప్పను.

తీసేశాను. అడుసు తొక్కాను గనక
కాలు కూడా కడిగాను,
ఆ సైటుకిచ్చిన అనుమతి కోసేశాను.

ఈ ఊరి వాగుల్లో ఒకప్పుడు
పళ్లేలతో బురద జల్లించినవాళ్లకి తెలుసు,
అభ్రకం పైకి తేలి మెరుస్తుంది,
బంగారం బరువుకి అడుగున పడి ఉంటుంది.
అసలు పత్రం కూడా అలాగే దొరికింది
చాలా కిందికి జరిగాక,
రంగుల్లేవు, బొత్తాలూ లేవు,
ఒక పట్టిక, అంతే.

చేత్తో కొట్టాను, ఒక్కో అంకె, పైకి చదువుతూ.
మరో చోట సరిచూశాను.
మళ్లీ చూశాను.
టీ చల్లారిపోయింది.

ఈసారి తెర మీద సున్నా.
ఇంత ముద్దొచ్చే సున్నాని
నేను ఎప్పుడూ చూడలేదు.

"ముందు ఒక్కటి పంపు" అని యెవ్‌హెన్‌కి రాశాను.
"ఒక్కటా?"
"ఒక్కటే."

పావుగంట. ఫ్రిజ్ మోత.
వచ్చింది.
లావాదేవీల చిట్టాలో కూడా ఉంది,
వాడి చిరునామా, నా చిరునామా, మధ్య ఒకటి.

"సరేనా, మిగతా పది పంపనా" అన్నాడు.
రేపు, అన్నాను.
ఈ రాత్రికి నమ్మకం ఇంతవరకే మిగిలింది.

అయినా ముందు అతనికి ఒకటి చెప్పాలి:
ఆ సోఫాకి
వెనక ఎడమ కాలు వదులు.