అతుకు కనపడకుండా

జుల్ఫాలో నా దర్జీ కొట్టు. కిటికీ తీస్తే అరస్ నది.
ఎల్‌తురాన్ మూడు గజాల పట్టుగుడ్డ తెచ్చి
బల్ల మీద పరిచాడు. పక్కనే ఒక పటం.
దర్బంద్ నుంచి హమదాన్ దాకా ఒకటే రంగు.
"పిన్నీ, అతుకు కనపడకుండా కుట్టాలి.
ఆదివారం సభ ఉంది."

మరి నదేదిరా?

"ఆ గీత అక్కర్లేదు. అది వాళ్లు గీసింది."

నిజమే. జారు సంతకం, షా సంతకం,
మధ్యలో మమ్మల్నెవరూ అడగలేదు.
నీళ్లు మాత్రం ఎవరూ గీసినవి కావు.

ఆ డిసెంబరులో నాకు పంతొమ్మిదేళ్లు.
కొందరు పటకార్లతో, మేము ఉత్తచేతుల్తో
ముళ్లతీగ తెంపాం.
అవతలి ఒడ్డున ఎర్ర శాలువా ఒకటి.
మీ మేనత్త గుల్‌సబా, అంది అమ్మ.
కాదేమో కూడా.
అంత చలిలో ప్రతి శాలువా ఎవరికో మేనత్తే.
అరిచాం. నది మా కేకల్ని సగం మింగి సగం దాటించింది.
ఆ సగంతోనే ఇన్నేళ్లు నెట్టుకొచ్చాం.

ఇప్పుడు అత్త ఫోన్లో ఉంటుంది, మరంద్ నుంచి.
మాట ఒకటే.
రాయబోతే మాత్రం ఆమె కుడి నుంచి ఎడమకి,
నేను ఎడమ నుంచి కుడికి.
ఒకరి ఉత్తరం ఒకరికి ముగ్గులా కనపడుతుంది.

పటం సంగతి చెప్పాను. చాలాసేపు దగ్గింది.
"మా ఐనుల్లా యుద్ధంలో పోయింది ఈ జెండా కిందేనే.
పద్దెనిమిదేళ్లు వాడికి.
మీ గుడ్డ మీద వాడి గోరీ ఏ రంగు?
మా వీధిలో ఆపిల్స్ అమ్మే కుర్దు షోరిష్‌కి చెప్పారా,
వాడూ మీ రంగేనని?"
నేనేదో అనబోయాను.
"ఆగు. చిన్నప్పుడు బళ్లో మన మాట మాట్లాడానని
నాణెం జరిమానా కట్టించారు నాతో.
అదీ కుట్టు."

ఎటూ తేలకుండానే లైను తెగింది.

మూడు రాత్రులు పట్టింది. పట్టు మీద పట్టు నిలవదు,
పట్టుకుంటే జారుతుంది, లాగితే ముడుచుకుంటుంది.
అంచులు లోపలికి మడిచి, సన్నసూదితో.
నీలం దారం ఉండ డబ్బాలోంచి తియ్యనే లేదు.
తీశాను ఒకసారి. మళ్లీ పెట్టేశాను.

ఎల్‌తురాన్ గుడ్డని వెలుతురుకి పట్టి
పైనుంచి కిందికి వెతికాడు. మురిసిపోయాడు.
డబ్బులు చేతిలో పెడుతూ ఆగి
"ఇదేంటి పిన్నీ, అరచేతిలో ఇంత పొడుగు గాటు?"

కత్తెర, అన్నాను.