తాలు

కొత్తపేటలో, మెట్లు దిగితే వచ్చే గదిలో
నా ఉద్యోగం.
పొద్దున్న ఏడో నంబరు టోకెన్ నాంచారమ్మ.
ఆమెకన్నా ముందు ఘాటు వచ్చింది లోపలికి;
వరసగా మూడు తుమ్ములు తుమ్మాను.
"యార్డు చీరయ్యా, ఎన్ని ఉతుకులుతికినా పోదు" అంది.

మెట్టెలు ఊడి రాలేదు. సబ్బు రాసి, నూనె రాసి,
చివరికి దారం చుట్టి లాగాం.
ముప్ఫయ్యేళ్ల తెల్లటి గాడి మిగిలింది కాలివేలికి.

నడుం నొప్పి మొదలై తొమ్మిది నెలలు.
కూర్చుని తొడిమలు తీసే పని కదా, అన్నారు.
వయసన్నారు. వాతమన్నారు.
పట్టీ వేశారు, కాపడం పెట్టారు.
మూలుగు అందరూ విన్నారు,
మూలుగ దాకా ఎవరూ వెళ్లలేదు.
మొన్న బిందె ఎత్తబోతే
లోపల ఎండు తొడిమ విరిగిన చప్పుడు.

సొరంగంలోకి బల్ల జరుగుతుంటే నవ్వింది:
"మా కోల్డ్ స్టోరేజీ కంటే చలి తక్కువే."
తరవాత నలభై నిమిషాలు
యంత్రం డబడబ, గడగడ, మళ్లీ డబడబ.
నేను అద్దానికి ఇవతల, మైకులో:
కదలొద్దమ్మా. ఊపిరి తీసుకో. బిగబట్టు. వదులు.

వెన్ను తెర మీదికి పూస వెంట పూస దిగింది.
నాంచారమ్మా, మీ కొట్లో
ఎరుపు మంచి కాయ, తెలుపు తాలు.
ఇక్కడ లెక్క తిరగబడుతుంది.
ఈ బొమ్మలో తెల్లగా ఉండాల్సింది మూలుగ,
నీ ఈడుకి కొవ్వు పట్టిన మూలుగ.
నీది మసక. మసకలో నల్ల నల్ల మచ్చలు,
నడుం దగ్గర రెండో పూస
దంచిన అటుకులా పలచన.
కవర్లోంచి పాత ఎక్స్‌రే తీసి వెలుతురుకు పెట్టాను:
పుర్రె నిండా చిల్లులు,
పురుగు తొలిచిన కందిగింజకున్నంత నున్నగా.

పదకొండేళ్లుగా చూస్తున్నాను.
పేరు నా నాలుక చివర ఉంది.
చెప్పే హక్కు నాకు లేదు.
నీడ వరకే నా పని;
నెత్తురు చెప్పాలి, ఒంటేలు చెప్పాలి,
తుంటి ఎముకలో దిగే సూది చెప్పాలి.

బయటికొచ్చి మెట్టెల కోసం అరచెయ్యి చాపింది.
గోళ్ల కింద ఎర్రటి చార.
"ఏమన్నా కనపడిందా బాబూ?"

"డాక్టరుగారు చెప్తారమ్మా."

నా మొహంలోకి చూసింది,
కాయను వెలుతురుకు తిప్పి చూసినట్టు,
ఒక్క క్షణం.
రోజుకి మూటలకి మూటలు ఏరే కళ్లు.
"సరేలే" అంది.
మెట్టెలు కొంగున ముడేసుకుని
గోడ పట్టుకుని పైకెక్కింది,
మెట్టు మెట్టుకీ ఆగి.

ఎనిమిదో నంబర్ని పిలవాలి.
మైకు మీట నొక్కాను,
తుమ్మొచ్చింది.