గడప దాటని తీగ

బతూమిలో గోడలకు కూడా చెమట పడుతుంది.
సముద్రం మీద లేచిన మబ్బు కొండ ఎక్కలేక
ఊరి నెత్తినే తన తడిబట్టలు పిండుకుంటుంది.
అయిదో అంతస్తులో గుగులీ స్నానాలగది
ఇంకో చిన్న బతూమి.
అద్దంలో ముఖం ఉండదు,
కిటికీ అంచున సబ్బు ఎన్నడూ ఆరదు.

కుళాయి కారుతోందని పిలిచింది.
నేను కుళాయిల మనిషిని కాను,
ఓడల్లో ఇరవయ్యారేళ్లు తీగలతో కాపురం చేసినవాణ్ణి.
అయినా వెళ్లాను. కింది వాటా నాదే కదా.

తలుపు కిందనుంచి దూరి వచ్చింది తెల్లటి తీగ.
తొట్టి పక్కన పీట, పీట మీద ఎక్స్‌టెన్షన్ పెట్టె,
దానికి తగిలించి అరచేతంత స్పీకరు.
ఛార్జింగు బెజ్జంలో పచ్చటి చిలుము.

"బ్యాటరీ చచ్చింది. తీగ పీకితే పాట పోతుంది."
"తీగ ఉంటే నువ్వు పోతావు."
నవ్వింది. ఎనభైకి చేరువైనవాళ్ల దగ్గర
ఆ బెదిరింపు చెల్లదు.

చెప్పి చూశాను.
పొడి చర్మం గడియ వేసిన ఇల్లు,
తడి చర్మం బార్లా తీసిన ఇల్లు,
కరెంటు తలుపు కొట్టి రాదు, అని.
ఇంజను గదిలో ముర్మాన్ అనే కుర్రాడు, తడి చేత్తో...
అక్కడ ఆగిపోయాను.
ఆమె నవ్వు కూడా ఆగింది.

"వంటింట్లో వినొచ్చుగా?"
"వంటింట్లో ఆవిరి ఎక్కడిది?"

అప్పుడు తెలిసింది ఆ పాట ఏదో.
తేయాకు ఫ్యాక్టరీలో, ఆకు వాడబెట్టే వేడి గదిలో
నాజీ, ఆస్మతీ, తనూ మూడు గొంతులుగా పాడుతుంటే
ఎవరో పట్టిన టేపు.
ఆ ఇద్దరూ ఆవిరిలోంచే వస్తారట,
పొడిగాలిలో వాళ్లకి దారి తెలియదట.

మర్నాడు కొత్త స్పీకరు తెచ్చాను, నీటికి ఓర్చేది,
వెనక రబ్బరు మూత ఉన్నది.
మెయిన్ బోర్డులో చిన్న కాపలావాణ్ణి కూర్చోబెట్టాను.
వెళ్లిన కరెంటు వెంట్రుకవాసి తగ్గి తిరిగొచ్చినా
వాడు ఇల్లంతా ఆర్పేస్తాడు.
అయినా వాణ్ణి నమ్మి తీగ గడప దాటించకు, అన్నాను.
వంటింట్లో, రొట్టెల డబ్బా పక్కన, దీనికి తిండి.
తడిగా ఉంటే తుడువు, ఆరనీ, ఆ తర్వాతే పెట్టు.
తీగ అక్కడే వదిలేసి, మూత టక్కుమనేదాకా నొక్కి
ఒట్టి చేతులతో తీసుకుపో.
తొట్టికి దూరంగా, తలుపు పక్క అరలో నిలబెట్టు.
నీ స్నానం నలభై నిమిషాలు, దీని ఊపిరి ఆరు గంటలు.

"నాకంటే నయం" అంది.

ఆ రాత్రి గొట్టం వెంట పాట దిగింది.
ముగ్గురి పాటలో నాలుగు గొంతులు లెక్కపెట్టాను,
ఒకటి కాస్త వెనకబడి, బొంగురుగా.
పాట అయింది. నేను పడుకోలేదు.
చెప్పుల చప్పుడు వంటింటి వైపు నడిచింది.
చాలాసేపు ఏమీ లేదు, తుడుస్తోంది కాబోలు.
తర్వాత స్విచ్చి నొక్కిన టిక్కు.

కుళాయి మాత్రం ఇంకా కారుతూనే ఉంది.